గుండీలు లేని కుర్చీ

వేలితో నొక్కితే కుర్చీ సీటు లోపలికి పోయింది సరే, పైకి రావడానికి ఎందుకింత సేపు, నబ్బోసా నాలుగు దాకా లెక్కపెట్టింది, గుంట ఇంకా అలాగే ఉంది, వేలికే ఇలా అయితే ఎనభై కిలోల మనిషి రోజంతా కూర్చుంటే నెల తిరక్కుండా స్పాంజి అణిగి అడుగు చెక్క తగులుతుంది, తగిలినా ఆయనకు తెలియదు, అదే కదా భయం, పనసచెట్టు మీంచి పడ్డ రోజు నుంచి మొగుడు సెబూఫుకి నడుము కింద నిప్పు పెట్టినా తెలియదు, శనివారం ఆసుపత్రి నుంచి ఇంటికి తేవాలి, ఇవాళ గురువారం, ఈ న్సాంబ్యా రోడ్డు పొడవునా దుమ్ములో వరసగా కుర్చీలే, దేని గుడ్డ కింద ఏముందో ఎవరు చెబుతారు, ఏమ్మా, కుర్చీకి జ్వరం చూస్తున్నావా అని నవ్వుతున్నాడు కుర్చీలు చేసే ముకీబి, నోట్లో మేకులు పెట్టుకునే మాట్లాడుతున్నాడు, ఇది చూడు, మంత్రిగారి ఇంట్లో ఉండాల్సింది, మెరిసే రెక్సిను, సీటు నిండా గుండీలు, నీ ధరకే ఇస్తా.

గుండీలు, ఒక్కో గుండీ కింద ఒక్కో గట్టి ముడి, ఆ ముడి మీద ఎముక ఆనుకుని గంటలు గంటలు, రెక్సిను చెమట పీల్చదు, నానిన చర్మం ఊరికే చిట్లుతుంది అని నర్సు చెప్పింది, పక్క మంచం మీది ఒకుముని చూశావుగా అంది, చూడకేం, నా కాళ్ళు సెలవు పెట్టాయమ్మా, వాటి కూడు కూడా నేనే తింటున్నా అని వార్డంతా నవ్వించేవాడు, ఒకరోజు అలా నవ్విస్తూండగానే ఏదో వాసన, నర్సు పక్కకు తిప్పి చూస్తే నడుము కింద పుండు, పిడికిలి పట్టేంత గొయ్యి, అబ్బా అని ఒక్కసారీ అనలేదు, తెలిస్తే కదా అనడానికి, మూడు వారాల్లో పోయాడు, ఆ మంచం మీద దుప్పటి మార్చి ఇంకొకరిని పడుకోబెట్టారు.

ఆ మెరిసే కుర్చీ సీటు జిప్పు లాగి చెయ్యి పెట్టింది, పైన రెండు వేళ్ళ మందాన మంచి స్పాంజి, దాని కింద చిరిగిన గుడ్డముక్కలు, గోనె, ఒక అట్టముక్క, ఇంకా కిందికి పోనిచ్చింది, సైకిలు ట్యూబు కోసి కట్టిన పట్టీలు అప్పుడే వదులుగా వేలాడుతున్నాయి, వాటి చివర ఏదో చురుక్కుమంది, చెయ్యి తనంతట తనే బయటికొచ్చేసింది, చూపుడువేలి మీద ఎర్రటి బొట్టు, వేలు నోట్లో పెట్టుకుంది, ఆయనైతే ఆ మేకు మీదే కూర్చుని టీ తాగేవాడు, రేడియో వినేవాడు, నన్ను చూసి నవ్వేవాడు.

పక్క కుర్చీలో కూలబడింది, మాసిన గోధుమరంగు గుడ్డది, లేవబుద్ధి కాలేదు, ఇంకో కొట్టుకి వెళ్ళినా ఇంతకన్నా ఏం దొరుకుతుంది, అరగంటైందమ్మా, మటోకే అరటికాయలు కూడా ఇక్కడే వండుకుంటావా, అద్దె ఇస్తావా అంటున్నాడు ముకీబి, ఇంతకీ కుర్చీ ఎవరికి, మామగారికా, కాదన్నా, మా ఆయనకి, నడుము కింద స్పర్శ లేదు, గుచ్చుకున్నా తెలియదు అంది, ముకీబి నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు, అవతలి బేరగాడికి వినబడకుండా వంగి, ఆ మెరిసేది వద్దమ్మా, అది చూపుకి చేసింది, నువ్వు కూర్చున్నదే విప్పి మళ్ళీ కడతా, కొత్త పట్టీలు, అడుగున గట్టి స్పాంజి, పైన మెత్తది, కుట్టు పక్కకి, గుండీ ఒక్కటీ ఉండదు, ధర అంతే, కాకపోతే నీ డబ్బంతా లోపలికి పోతుంది, చూసినవాళ్ళు ఇదేం కుర్చీ అంటారు, అననీలే అన్నా, పుండు మాత్రం పడదు కదా అంది, ముకీబి అరచేతిలో మేకుల వంక చూస్తూ, ఆ మాట నేనివ్వలేనమ్మా, ఎంత మంచి స్పాంజైనా కదలకుండా కూర్చుంటే ఒత్తుతుంది, రేపు సాయంత్రానికి తయారు చేస్తా, అంతవరకే నా చేతిలో ఉంది అన్నాడు.

అయితే ఇంత వెతికీ లాభం లేదా అనుకుంది, కుడి తొడ తిమ్మిరెక్కితే ఎడమవైపు జరిగింది, జరిగాక తెలిసింది జరిగానని, ఈ అరగంటలో ఎన్నిసార్లు జరిగిందో, ఎవరూ చెప్పకుండానే ఒళ్ళే చెప్పింది, ఒళ్ళే జరిపింది, ఆయన ఒళ్ళు ఆ మాట చెప్పడం మానేసింది, అంటే ఎదురుగా ఇలాగే ఒక కుర్చీ వేసుకుని తనూ కూర్చోవాలి, తనకు తిమ్మిరెక్కినప్పుడల్లా లేచి ఆయన్ని పక్కకి జరపాలి, నడుము కింద చెయ్యి పెట్టి తడిమి చూడాలి, రేపూ ఎల్లుండీ ఆ తరవాతా, నొప్పి ఆయనదే గాని, ఇకమీద అది తెలియాల్సింది తనకే.