అగ్గి ముట్టని తాత

మా తాత బాలమల్లు జన్మలో పొయ్యి ముట్టించి ఎరగడు. మగవాళ్లలో అదేం వింత అంటారేమో! ఆయన బీడీ కూడా ముట్టించలేదు, కాముణ్ని కాల్చే రోజు వాకిట్లోకే రాలేదు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషి. పొద్దంతా నీళ్లలో నానడమే ఆయనకు సుఖం. నీ తాతది కప్ప జన్మ అని మా అవ్వ శివమ్మ ఎగతాళి చేసేది.

వేసవి సెలవులు రాగానే మేడ్చల్‌లో మా అమ్మ నర్సమ్మ నన్ను బస్సెక్కించేది. తొంభైల్లో ఆ దారి పక్కన ఎన్ని ద్రాక్షతోటలు! ఇప్పుడక్కడ ప్లాట్ల బోర్డులు చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. నేను దిగేసరికి తాత కట్ట మీద వల బాగుచేస్తూ ఉండేవాడు. బర్మా కథలు చెప్పమని ప్రాణం తీసేదాన్ని. పడుచు వయసులో పటాలంలో చేరి, ఆ అడవుల్లో జపాన్ వాళ్లతో యుద్ధం చేసి వచ్చినవాడాయన. వానలు, జలగలు, బురదలో కూరుకుపోయిన కంచరగాడిదలు, రేకు డబ్బాలో కాచిన చాయ్, అన్నీ చెప్పి కడుపుబ్బ నవ్వించేవాడు. యుద్ధం సంగతి మాత్రం చెప్పేవాడు కాదు. నేను మొండిదాన్ని, అడుగుతూనే ఉండేదాన్ని.

చివరికి అవ్వే చెప్పింది, ఓ మధ్యాహ్నం పక్కింటి బుచ్చవ్వ వాళ్ల పెరట్లో. ఎండుచేపలు నిప్పుల మీద కాల్చుకుని తినడమంటే అవ్వకు మహా ఇష్టం. కానీ మా ఇంట్లో ఆ వాసన రానిచ్చేది కాదు. ఇద్దరం దొంగల్లా బుచ్చవ్వ పొయ్యి దగ్గరికి పోయేవాళ్లం. ఇంట్లో ఎందుకు కాల్చవని ఆ రోజు నిలదీశాను. యుద్ధంలో తాత వీపున నూనె పీపా కట్టి, చేతికి గొట్టం ఇచ్చారట. వెదురు పొదల కింద గుంతల్లో దాక్కున్నవాళ్ల మీదికి ఆ గొట్టంతో మంట చిమ్మడం ఆయన పని. ఒకసారి ఒకతను ఒళ్లంతా అంటుకుని బయటికొచ్చి తాత వైపే పరుగెత్తాడు. తాత గొట్టం దించలేదు. పెళ్లయిన కొత్తలో అవ్వ చేప కాలుస్తుంటే బయటికి పోయి కక్కుకుని, ఈ మాట ఒక్కసారి చెప్పాడట. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

"ఎవలకు జెప్పకు బిడ్డా. మనిషి మంచోడే, పని గసొంటిదిచ్చిన్రు" అంది అవ్వ.

నా చేతిలోని చేప పక్కన పెట్టేశాను. అవ్వ నిమ్మళంగా ముళ్లు తీసుకుంటూ తింది.

తాత చెరువుకు పోయాకే ఆమె పొయ్యి రాజేసేది. ఆయన వచ్చేలోపు కూర దించి నిప్పుల మీద బూడిద కప్పేసేది. ఈ సంగతి తెలియని మా నాయిన, అత్త పొగతో పరేషానవుతోందని గ్యాసుపొయ్యి తెచ్చిచ్చాడు. అది బుస్సుమనగానే తాత అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అవ్వ దాన్ని మర్నాడే తిప్పి పంపేసింది, కారణం చెప్పలేదు. మా నాయిన అలక తీరడానికి ఏడాది పట్టింది.

రెండువేల ఒకటి ఎండాకాలంలో అవ్వ పోయింది. వాళ్లకు కొడుకుల్లేరు కాబట్టి భర్తే అగ్గి పట్టాలి. అంటే నిప్పుకుండతో పాడె ముందు నడిచి, చితి అంటించాలి. తాత చేత ఆ పని ఎలా చేయిస్తారా అని నాకు భయమేసింది. అవ్వ మా అందరికంటే ముందే ఉంది. మంచాన పడ్డప్పుడే తాత వాళ్లన్న మనవడు భానుప్రకాశ్‌ను పిలిచి, అగ్గి నువ్వే పట్టాలని ఒట్టు వేయించుకుందట. ముసలోణ్ని ఇంట్లోనే కూర్చోబెట్టమందట. పోతూ పోతూ కూడా ఆయనను మంట దగ్గరికి రానివ్వలేదు, ఏం మనిషో! నాకు ఏడుపు ఆగలేదు.

వాకిట్లో పిడకలు అంటించి కుండలో వేశారు. భానుప్రకాశ్ తడిబట్టలతో వచ్చి దాని ఉట్టి పట్టుకోబోయాడు. అరుగు మీదున్న తాత లేచాడు. అమ్మ అడ్డంపోయి, ఇది అవ్వ మాటేనని చెప్పింది. ఒట్టు సంగతి ఆయన వినడం అప్పుడే. అమ్మను పక్కకు జరిపి ముందుకొచ్చాడు.

"పేరు తెల్వనోళ్లకు వెట్టిన బిడ్డా అగ్గి" అన్నాడు. "నా శివమ్మకు ఇంకొకడు వెడ్తడా?"

ఉట్టి అందుకున్నాడు. ఎవరు తీసుకోబోయినా ఇవ్వలేదు.

మా వాళ్లలో ఆడవాళ్లమూ శ్మశానం దాకా వెళ్తాం. తాత చితి అంటించాడు. ఇక వెనక్కి చూడకుండా నడవమన్నారు పెద్దలు, అది ఆచారం. తాత కదల్లేదు. రెక్క పట్టి లాగబోయారు.

"గప్పుడు గూడ గిట్లనే ఎనుకకు సూడొద్దన్నరు" అన్నాడు తాత.

చితికి ఎదురుగా తిరిగి నిలబడ్డాడు. మంట తగ్గేదాకా అక్కడే ఉండి, చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. చుట్టాలంతా పెళ్లాం మీద ప్రేమ అన్నారు. కాదనను. కానీ ఆ ఏడుపు అవ్వ ఒక్కదాని కోసమే కాదని నాకు తెలుసు.