పెద్దవల లాగిన డీజే

భావనపాడు ఒడ్డున శనివారం పొద్దు వాలకముందు మొదలైన మోత ఆదివారం పొద్దెక్కినా ఆగలేదు. పాటా కాదు, పదమూ కాదు, దుక్కు దుక్కుమని ఒకటే దెబ్బ. విశాఖపట్నం నుంచి రెండు ఏసీ బస్సుల్లో దిగిన నూరుమంది పిల్లలు సరుగుడు తోట పక్కన ఇసక గుంటలు పడేలా ఎగురుతున్నారు. ఇది పెళ్ళి డీజే కాదట, అండర్‌గ్రౌండట. ఎరిగినవాళ్ళే వస్తారట. సోమవారం దాకా ఆపరట.

"ఎవులికీ తెలీకుండా ఆడుకోడానికి ఇంతెత్తు మోత పెట్టెలెందుకో!" అని గున్నమ్మ నవ్వింది.

ఆమె మొగుడు దాలయ్యకి నవ్వు రాలేదు. తెల్లారగట్ల వేయించిన పెద్దవల ఇంకా సముద్రంలోనే ఉంది. రెండు తాళ్ళు పట్టి ఒడ్డుకి లాగాల్సిన వల అది. ఊళ్ళో కుర్రాళ్ళంతా గుజరాత్ బోట్ల మీద ఉన్నారు. లాగడానికి వస్తామన్న పక్కూరివాళ్ళు రాలేదు. గాలి తిరిగింది. ఇంకాసేపు వదిలేస్తే వల చిరిగి కొట్టుకుపోతుంది. అది పోతే దాలయ్యకి వేరే వల లేదు.

అతను ఎగిరేవాళ్ళ వంక చూశాడు. "ఏటి బలం! అంతా ఇసకలో పోతన్నాది" అని గొణుక్కుంటూ డీజే దగ్గరికి నడిచాడు. డీజే పేరు గోవింద్. ఒక చెవికి హెడ్‌ఫోన్ డిప్ప, రెండు కళ్ళలో నిద్ర.

"బాబూ, నీ మనుసుల్ని ఓ గంట అరువియ్యి. తాడు లాగాల."

గోవింద్‌కి అర్థమైందో, నిద్రలేక ఏదైనా బాగానే అనిపించిందో గానీ మైకులో ఏదో అరిచాడు. నూరుమందీ కేకపెట్టి తాళ్ళ మీద పడ్డారు.

దెబ్బకో జానెడు చొప్పున వల కదిలింది. దాలయ్యకి బావ వరసైన రాముడు హైలెస్సా అనబోయి, ఆ వేగం అందక నోరు మూసుకున్నాడు. వల బెండ్లు కనిపించేంత దగ్గరికొచ్చాయి.

అప్పుడు గోవింద్ మోత టక్కున ఆపేశాడు. సన్నగా ఈల లాంటిదేదో పైకి పైకి పోయింది. నూరుమందీ కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తారు.

తాళ్ళు సర్రున సముద్రంలోకి పోయాయి. వదలని రాముడు వాటి వెనకే మొలలోతు నీళ్ళలోకి పోయాడు.

"ఒరే సచ్చినోడా, ఎందుకాపినావురా?" అని దాలయ్య అరిచాడు.

"అక్కడ ఆగాలి తాతా. ఆగితేనే తర్వాతి దెబ్బకి విలువ."

"ఆగితే నా వల పోతాది!"

"ఆగకపోతే అది సంగీతమే కాదు." గోవింద్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మళ్ళీ లాగారు. మళ్ళీ ఆగింది. మళ్ళీ చేతులు.

"బావా, ఈసారి నానూ ఎత్తీస్తాను" అన్నాడు రాముడు నీళ్ళు కక్కుతూ. "ఎత్తినోలంతా సుకంగా ఉన్నారు."

"సేతులెత్తితే ఎత్తనియ్యండి, నడుములెత్తరు కదా!" అంది గున్నమ్మ. పాత తాడుముక్కలు తెచ్చి ఒక్కొక్కరి నడుమూ పెద్దతాళ్ళకి బిగించింది. అందరూ బుద్ధిగా కట్టించుకున్నారు.

"ఇది ఇక్కడి ఆచారమా ఆంటీ?" అని అడిగిందొక అమ్మాయి.

"అవునమ్మా, ఇప్పుడే పుట్టినాది."

ఈసారి మోత ఆగింది, చేతులు లేచాయి, తాడు మాత్రం కదల్లేదు. దెబ్బ మళ్ళీ పడగానే నూరుమందీ ఒక్కసారే వెనక్కి ఎగిరారు. వల గెంతుకుంటూ ఒడ్డెక్కింది. ఎక్కి ఆగలేదు. సరుగుడు తోట దాటింది, దాలయ్య గుమ్మం దాటింది, బస్సుల వైపు పోతోంది.

"ఆపరా బాబూ!"

"ఇప్పుడా? ఇప్పుడు ఆపకూడదు తాతా!"

రెండో బస్సు చక్రానికి తట్టుకుని వల ఆగింది.

తాడు ముట్టినవాడికల్లా వాటా ఇవ్వాలన్నది ఒడ్డు కట్టుబాటు. తలా నాలుగు చేపలు. జేబుల్లో కుక్కుకుని మళ్ళీ ఎగరడానికి పోయారు. తను తాడు ముట్టలేదన్నాడు గోవింద్. "పాట కట్టినోడికి రెండు వాటాలు" అని దాలయ్య అతని టేబులు మీద, తీగల మధ్యన పోశాడు. తనకి మిగిలింది ఒక గంప. వల మాత్రం ఎక్కడా చిరగలేదు. దాన్ని చూసుకుంటూ ఆ సాయంత్రమంతా కూర్చున్నాడు.

బస్సులు వెళ్ళిపోయిన మర్నాడు పక్కూరివాళ్ళు వచ్చారు. దాలయ్య వల వేయించి హైలెస్సా అందుకున్నాడు. వల సగం దూరం వచ్చేసరికి అతనికి దగ్గు తెర వచ్చి పాట ఆగిపోయింది.

ముసలాళ్ళూ పక్కూరివాళ్ళూ అందరూ రెండు చేతులూ పైకెత్తారు.

దాలయ్య చటుక్కున తిరిగాడు. సముద్రం వైపు చూశాడు. తాడు జానెడైనా పోలేదు. అందరి నడుములకీ తాడుముక్కలున్నాయి.

"పొద్దున్నే అందరికీ సెప్పి కట్టీసినాను మావా. దగ్గడం అయితే అందుకో" అంది గున్నమ్మ. ఆమె చేతులూ పైనే ఉన్నాయి.