ఎదిగే గౌను

ఖుర్సీపార్‌లో కనకలతకి ఆదివారం పనంటే బట్టలుతికి ఆరేసి, ఉక్కు ప్లాంటు ఎర్రదుమ్ము పడకముందే తీసేయడం. ఆఖర్న ట్రంకుపెట్టెలోంచి ఛాయ గౌను తీసి గాలికి ఆరేస్తుంది. పెద్దకూతురు ఛాయ ఆరేళ్ళప్పుడు విషజ్వరంతో పోయింది. గౌను మాత్రం ఏడాదికేడాదీ పెరుగుతూనే ఉంది. ఇప్పుడది పన్నెండేళ్ళ పిల్లకి సరిపోతుంది. వీధిలో ఎవరికీ వింత కాదు.

"ఈయేడు చేతులు కూడా సాగినాయే లతా," అంటుంది పక్కింటి పార్వతమ్మ, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

సాగనిదల్లా చిన్నకూతురు. బిందుప్రియకి రేపు తొమ్మిదో పుట్టినరోజు. ఒళ్ళు మాత్రం అక్క పోయిననాటి మూడేళ్ళ ఒళ్ళే. టానిక్కులు పట్టారు, మొక్కులు మొక్కారు. ఏ లాభమూ లేదు. పార్వతమ్మ ఒకసారి నోరు జారింది. "దీని ఎదుగుదలంతా ఆ గౌనే తినేస్తందే. చింపీ!"

ఆ మాటకి కనకలత నెల్లాళ్ళు ఆవిడ మొహం చూడలేదు. తల్లికి తెలీదా? తెలిసే పెట్టె తాళం బొడ్లో దోపుకుంది పాపిష్టిది! అనడానికేం, మనం ఎన్నైనా అంటాం. కన్నపిల్లని రెండోసారి చంపుకోమంటే ఎవరికి చెయ్యాడుతుంది?

ఈ ఆదివారం వీధి పిల్లలు వరండాలో చేరి పుట్టినరోజుకి గుడ్డతోరణం కడుతున్నారు. ఇంటికో గుడ్డ అని వాళ్ళే షరతు పెట్టుకున్నారు. తాత లుంగీ, అమ్మ పాతచీర, ఏది దొరికితే అది ముక్కోణాలుగా కోసి తాడుకి కుడుతున్నారు.

"ఆంటీ, ఆప్‌కే ఘర్ కా కపడా?" అని హిందీలో వాళ్ళింటి గుడ్డేదని అడిగింది వాళ్ళలో సత్యశ్రీ.

"మా ఇంట్లో లేవమ్మా."

బిందు తలొంచుకుంది. తోరణం కొస తనే కడతానంటూ స్టూలెక్కింది. మేకు అందలేదు. తన ఈడుదే సత్యశ్రీ, చంటిపిల్లనెత్తినట్టు ఎత్తి పట్టుకుంది. అందరూ నవ్వారు. బిందూ నవ్వింది. కిందకి దిగాక తల్లి దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"అమ్మా, ఈళ్ళందరూ పెద్దోళ్ళయిపోతే నేనెవులితో ఆడాల?"

కనకలత లేచింది. వెళ్ళి దండెం మీది గౌను తెచ్చింది. ఒక్కసారి మొహానికి అదుముకుని, "నన్ను తిట్టుకోకే ఛాయమ్మా," అంది. కత్తెర తీసుకుని కరకరా కోసేసింది. పిల్లలు ఆ ముక్కల్నీ కుట్టేశారు. వాళ్ళకేం, గుడ్డ గుడ్డే. పార్వతమ్మ మాత్రం చూడలేక లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున బిందుకి కొత్తగౌను తొడగబోతే భుజాల దగ్గర కుట్లు పిగిలాయి.

"అమ్మా, పొట్టయిపోనాది! నేను పెరిగినాను!"

"అవునే, పెరిగినావు," అంది కనకలత. వంటింట్లోకెళ్ళి తలుపేసుకుంది. ఛాయ పోయిననాడు చుట్టాలంతా ఏడవవే ఏడవవే అని కుదిపినా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. బయట పిల్లలు కేకు కోద్దాం రమ్మని తలుపు బాదుతుంటే, "వస్తన్నానే, వస్తన్నానే," అంటూ గోడకి తలానించి ఏడ్చింది.