సున్నం పూసిన రాయి

ఆ రాయే తగిలిందని ఎవరు చూశారు, చక్రం అంతకుముందే విరిగి ఉండొచ్చు, గాలి పక్కకు తోసి ఉండొచ్చు, అయినా రోడ్డు మీద విమానం దిగుతుందని ఎవడనుకుంటాడు, అనుకుంటూ నాగయ్య ఉన్నచోటే నిలబడిపోయాడు. మనూర్ పోయే తారురోడ్డు మీద, పొద్దున అతను ఆరబోసిన కందుల నడుమ, ఇద్దరు పట్టే చిన్న విమానం వెల్లకిలా పడి ఉంది. ఇంజను చప్పుడు లేకుండా జారుతూ వచ్చి చక్కగానే నేలకు ఆనింది. కందుల చుట్టూ పేర్చిన రాళ్లను తాకాకే తిరగబడింది.

రాళ్లు అతనివే. బండ్లు గింజల మీదికి ఎక్కకుండా ఏటా పెడతాడు. అందరూ పెడతారు. ఈసారి మాపటేళ మోటారుసైకిళ్లకు కనపడాలని సున్నం కూడా పూశాడు. పైనుంచి వచ్చేవాళ్లు తలపుకు రాలేదు.

లోపల విమానం నేర్చుకునే పిల్ల కాబోలు, ఒక్కతే, బెల్టుకు తలకిందులుగా వేలాడుతోంది. అరచేత్తో అద్దాన్ని కొడుతోంది.

"దగ్గరికి పోకుర్రి! పెట్రోల్ కారుతుంది, పేలుతది!" ఖేడ్ బజారు నుంచి వస్తూ ఆగిన కిరాణా శివానంద్ తన స్కూటర్ వెనక నుంచి అరిచాడు.

"నీ స్కూటర్ అడ్డం పెడితే ఆగుతదా సేటూ?" అంది పక్కచేను ఆనందమ్మ.

"పరాచకాలొద్దు. అంబులెన్స్‌కు ఫోన్ కొట్టిన. అసలు రోడ్డు మీద గీ రాళ్లు పెట్టిన లుచ్చా ఎవడు?"

ఆనందమ్మ చూపు విమానం మీదికి తిప్పుకుంది. తన వైపు చూడకుండా ఉండడానికి ఆమె పడుతున్న కష్టం నాగయ్యకు తెలిసింది.

భార్య లక్ష్మవ్వ చెవి దగ్గరికి వచ్చింది. "ఏం జూస్తున్నవ్? పోలీసోళ్లు రాకముందే ఆ తగిలిన రాయి తీసి చెల్కల పారెయ్. జల్దీ."

వంగాడు. పిల్ల వైపు కదలని కాళ్లు రాయి వైపు ఎంత తేలిగ్గా కదిలాయో చూసి తన మీద తనకే రోత పుట్టింది. అయినా వేళ్లు రాయిని పట్టుకున్నాయి. ఒక పక్క సున్నం లేచిపోయి, నల్లటి రబ్బరు గీత పడి ఉంది. ఇక గాలి లేదు, ముందే విరిగిన చక్రం లేదు. రోడ్డు పక్క చెల్క నేలలో పడేస్తే రాళ్లలో రాయి. నాలుగు వానలకు సున్నం పోతుంది, గీతా పోతుంది.

అద్దం మీద చప్పుడు ఆగింది.

మళ్లీ కొట్టు తల్లీ, అని లోపల వేడుకున్నాడు. ఆ వేడుకోలు అడుగున ఇంకొకటి కదిలింది: ఆమె కొట్టకపోతే తను వినాల్సిన పనీ ఉండదు. అది తన ఆలోచనేనా? తనదే. రాయి చేతిలో ఉన్నట్టే అదీ ఉంది.

చెల్క వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. కందుల మీది నుంచే విమానం వైపు నడిచాడు. కాళ్ల కింద గింజలు జారుతున్నాయి, పెట్రోలు వాసన గొంతులో మండుతోంది.

"ఏందయ్యా! ఎటు పోతున్నవ్, పాగల్ అయినవా?" లక్ష్మవ్వ గొంతు.

మోకాళ్ల మీద కూర్చున్నాడు. అద్దం అవతల పిల్ల కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి.

"మొకం అటు తిప్పుకో బిడ్డా," అన్నాడు. ఆ రాయితోనే అద్దాన్ని కొట్టాడు.