పడవలో ఆంజనేయస్వామి

సముద్రం లేని ఊళ్లో సముద్రపు పడవల క్లబ్బేమిటని ఎవరైనా అంటే మా ఆయన సాంబమూర్తికి కోపం వస్తుంది. నాకు మాత్రం మొదటినుంచీ అదే అనుమానం. ఎల్బీనగర్‌లో ఒక ఇరుకు గదిలో క్లబ్బు ఆఫీసు, ఆదివారాలు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల మీద సాధన, ఆ మాత్రానికే కొచ్చి నుంచి లక్షద్వీప్‌కి ఐదు పడవల్లో అందరూ కలిసి ప్రయాణం! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. నవ్వి ఊరుకున్నారు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు, రోజంతా అరిచి అరిచి ఇంటికొచ్చాక ఎవరితోనూ వాదించరు.

పంపనని పంతం పట్టి, చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాను. చైతన్యపురిలో కారు సామాన్ల కొట్టుకెళ్లి రెండు చిన్న ఆంజనేయస్వామి విగ్రహాలు కొన్నాను. కార్లో స్టీరింగు ముందు పెట్టుకుంటారే, అవి. ఒకటి మా కారుకి, ఒకటి పడవకి.

"సముద్రం దాటినవాడు ఆయనే. కంపాస్‌కి ఎదురుగా పెట్టండి. మీరు దారి చూసుకున్నప్పుడల్లా కనబడాలి. తిరిగొచ్చేదాకా అక్కణ్నుంచి కదపడానికి వీల్లేదు" అన్నాను.

కొచ్చిలో పడవెక్కగానే ఫొటో పంపారు. గాజు మూత కింద కంపాస్, దానికి సరిగ్గా ముందు గద పట్టుకుని స్వామి. అది చూశాక నాకు అన్నం సయించింది.

నాలుగు పడవలు దీవి చేరాయి. ఐదోది చేరలేదు. అందులో మా ఆయనా, ఎల్బీనగర్‌లో ట్రావెల్స్ నడిపే దశరథా ఉన్నారు. క్లబ్బు ప్రెసిడెంటు వెంకటేశ్వరరావుగారు దీవి నుంచే ఫోన్ చేశారు.

"కంగారు పడకండమ్మా. రాత్రి గాలివానలో పడవలు విడిపోయాయి. వాళ్ల బ్యాటరీ తడిసి జీపీఎస్ పోయిందని రేడియోలో చెప్పారు, ఆ తర్వాత రేడియో కూడా పోయినట్టుంది. ఏం పర్లేదు, కంపాస్ ఉందిగా. దాన్ని చూసుకుంటూ వచ్చేస్తారు."

సాయంత్రమైంది, రాలేదు. తెల్లారినా రాలేదు. గాలి ఉత్తరానికి కొట్టింది కాబట్టి కోస్ట్‌గార్డు వాళ్లు ఉత్తరాన వెతుకుతున్నారని చెప్పారు. కారులోని స్వామిని తెచ్చి దేవుడి అరలో పెట్టి దీపం వెలిగించాను. పడవలో ఉన్న స్వామికి జోడు కదా, ఇక్కడ చెబితే అక్కడ వినబడుతుందని నా పిచ్చి ఆశ.

పొద్దున్నే దశరథ భార్య యాదలక్ష్మి ఆటోలో వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అక్కా, గిట్ల కూసుంటే ఎట్ల? నువ్వేం అనుకోకు. మా ఇల్లు పోయినేడే వాస్తు చూపించిన, అంత మంచిగనే ఉన్నది. మీ ఇంట్లనే ఏదో దోషమున్నది. సైదాబాద్ సిద్ధాంతిని రమ్మన్న, ఒస్తున్నడు."

వేరే రోజైతే గుమ్మంలోంచే పంపేసేదాన్ని. మొగుడు సముద్రంలో ఉంటే మా వంటిల్లు ఎటుంటేనేం? కానీ ఆమె మొగుడూ అక్కడే ఉన్నాడు. నోరు మూసుకున్నాను.

శ్రీరామమూర్తి సిద్ధాంతిగారు వచ్చి చెప్పులు విడిచి, జేబులోంచి కంపాస్ తీశారు. గుమ్మం దగ్గర చూశారు, హాల్లో చూశారు, తల ఊపారు. దేవుడి అరలో దీపం పక్కన దాన్ని పెట్టి ఒక్కసారి ఉలిక్కిపడ్డారు.

"ఇదేమిటమ్మా! ఇప్పటిదాకా ఉత్తరం వంటింటివైపు ఉంది. ఇక్కడికొచ్చేసరికి పడమటికి తిరిగింది. ఈ గోడలోనే ఉంది దోషమంతా. కొట్టించాలి."

నేను గోడ చూడలేదు. కంపాస్‌లో ఎర్ర ముల్లు చూశాను. అది ఆంజనేయస్వామి వైపు తిరిగి ఉంది. విగ్రహాన్ని తీసి వెనక్కి జరిగాను. ముల్లు వణికి వంటింటివైపు వెళ్లింది. మళ్లీ దగ్గరగా పెట్టాను. మళ్లీ స్వామి వైపే వచ్చింది. విగ్రహాన్ని తిప్పి అడుగు చూశాను. కారు కుదిపినా పడిపోకుండా కింద నల్లటి అయస్కాంతం బిళ్ల అతికించి ఉంది.

అక్కడే నేల మీద కూలబడ్డాను.

"ఏందక్కా? ఏమైంది?" యాదలక్ష్మి నా భుజాలు పట్టుకుని ఊపింది.

"పడవలో కూడా ఇలాంటిదే ఉంది. కంపాస్ ముందు. నేనే పెట్టించాను. ఇప్పుడు వాళ్లకి ఉత్తరం ఏదో, పడమర ఏదో తెలియదు."

ఆమె చేతులు నా భుజాల మీద అలాగే ఆగిపోయాయి. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఎంత పని జేసినవే అక్కా!" అంది. వెంటనే సోఫా మీంచి ఫోన్ తీసి నా చేతిలో కుక్కింది. "నిన్ను తర్వాత జూస్త. ముందుగాల ప్రెసిడెంటు సారుకు ఫోన్ జెయ్యి!"

వెంకటేశ్వరరావుగారికి అంతా చెప్పాను. ఆయన గబగబా ప్రశ్నలు వేశారు.

"విగ్రహం కంపాస్‌కి ఏ వైపుందమ్మా?"

"ముందు వైపు. ఫొటో ఉంది."

"ముల్లు ఎర్ర కొస దాని వైపు లాగుతోందా, దూరంగా పోతోందా?"

"దాని వైపే."

"అయితే ఎదురుగా ఉన్న పడమరే వాళ్లకి ఉత్తరంలా కనబడుతుంది. పడమర అనుకుంటూ దక్షిణానికి పోయి ఉంటారు. మనం ఇటు ఉత్తరాన వెతుకుతున్నాం, ఖర్మ!" అని ఫోన్ పెట్టేశారు.

సిద్ధాంతిగారు కంపాస్ జేబులో పెట్టుకుని, దక్షిణ అడగకుండానే వెళ్లిపోయారు. మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. మా ఇంటి ఎదురుగా కోచింగ్ పిల్లలు బిలబిలమంటూ వచ్చారు, వెళ్లారు. మేం మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. కోస్ట్‌గార్డు ఓడ నుంచి. స్పీకరు పెట్టాను.

"నాగేశ్వరీ" అన్నారు ఆయన. గొంతు బొంగురుపోయింది. "దొరికాం. ఇద్దరం బాగానే ఉన్నాం."

యాదలక్ష్మి గట్టిగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఏడుపు తగ్గగానే, నా సంగతి తెలిసిందే, కోపం తన్నుకొచ్చింది.

"ఏడాది పొడుగునా పిల్లలకి అయస్కాంతాల పాఠం చెబుతారు, ఆ మాత్రం తెలియలేదా మీకు?"

"తెలుసు."

"ఏం తెలుసు?"

"జీపీఎస్ పోగానే తెలిసింది, స్వామి ముల్లుని లాగుతున్నాడని. ఎంత లాగుతాడో అంచనా వేసి, ఆ మేరకి పక్కకి తిప్పి నడిపాను. అంచనా తప్పింది."

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. "తీసి అవతల పెడితే పోయేదానికి అంచనాలేమిటండీ!"

వెనకనుంచి దశరథ అరిచాడు. "గదే నేను జెప్పిన అక్కా! రెండుసార్లు తీస్తనన్న. సారు నా చెయ్యి వట్టుకున్నడు, తియ్యనియ్యలే!"

యాదలక్ష్మి ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. గుడికి రమ్మంటే బయట స్కూటర్ దగ్గర నిలబడే మనిషి మా ఆయన.

"ఎందుకు తియ్యనివ్వలేదు?" అని అడిగాను.

ఆయన గొంతు తగ్గించారు.

"నువ్వు కదపొద్దన్నావుగా. చీకట్లో, నడిసముద్రంలో అది గుర్తొచ్చింది. కదిపితే ఇక్కడ మాకేమవుతుందోనని కాదు. అక్కడ నీకేమైనా అవుతుందేమోనని భయమేసింది."

నేను దేవుడి అరలో దీపం వైపు చూశాను. "నాగేశ్వరీ, ఉన్నావా?" అని ఆయన రెండుసార్లు అడిగారు.

"నాకేం కాలేదండీ" అన్నాను. "ఇంటికి రండి."