ట్రాంటర్ గారి కాపలా పుస్తకం

మా నాటకశాలలో మొగుడిది ఎప్పుడూ ఒకటే వేషం. ముసలాడు, అనుమానప్పిశాచి, పెళ్ళాం రంకు నెరిపి నెత్తిన మొలిపించిన కొమ్ములు. ఆ కొమ్ములు వాడికి తప్ప లండన్ అంతటికీ కనిపిస్తాయి. పదకొండేళ్ళుగా ఇక్కడ నారింజలమ్ముతున్నాను, చూసి చూసి నాకే మొహం మొత్తింది.

చీప్‌సైడ్‌లో పట్టుబట్టలమ్మే ట్రాంటర్‌కి మాత్రం మొత్తలేదు. రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా ముందు బల్లమీద, ఒళ్ళో పుస్తకంతో సిద్ధం.

"అంత రాస్తారేంటయ్యా? మీరూ నాటకం కడతారా?" అన్నానొకసారి.

"నాటకం కాదే హెస్టర్, కాపలా! ఆడవాళ్ళ ఎత్తులన్నీ ఇక్కడే తెలుస్తాయి. రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కటే చదివి మా ఆవిణ్ణి నిలదీస్తాను. చేతితొడుగులో చీటీ దాచావా? బట్టలపెట్టెలో ఎవణ్ణైనా కూర్చోబెట్టావా? పాపం, తెల్లమొహం వేస్తుంది."

"ఆవిణ్ణీ తీసుకురాకూడదూ?"

"అమ్మో! నాటకాలు చూస్తే ఆడది చెడిపోదూ?"

ఆ తెల్లమొహం డామరిస్, అప్పుడు నల్లముసుగు వేసుకుని సరిగ్గా ఆయన నెత్తిమీది బాల్కనీలోనే ఉంది. నాటకమంటే ఆ పిల్లకి ప్రాణం. ఆయన ఇల్లు కదిలేది ఈ వేళప్పుడే కాబట్టి ఆమెకూ ఇదే సందు. దొరికిందంటే నార్ఫక్ పల్లెలో ఆడపడుచు దగ్గర చచ్చేదాకా పందులు మేపాల్సిందే.

మొదట్లో ఒంటరిగానే వచ్చేది. పూటపూటా ఇంట్లో పాఠం చెబితే ఎవరికి మాత్రం రాదు! క్రిస్మస్ దాటేసరికి ఆమె పక్కన ఒక కెప్టెన్ చేరాడు. చీటీ చేతితొడుగులోనే వచ్చిందట.

నా నోరు మంచిది కాదు. ఈ సంగతి వేషాల గదిలో వాగేశాను. నెల తిరక్కుండా అది రంగమెక్కింది. కింద మొగుడు, పైన పెళ్ళాం. ట్రాంటర్‌కి వెలిగిందా, నా వల్లే ఆ పిల్ల బతుకు బుగ్గి.

జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పైనుంచి డామరిస్ నవ్వూ గలగలా వినిపించింది. ఆపుకోలేకపోయింది పిచ్చిది! ట్రాంటర్ పెన్సిల్ ఆగిపోయింది.

"హెస్టర్, ఆ నవ్వు విన్నావూ?"

"ఏ నవ్వయ్యా?"

"అచ్చం మా ఆవిడ నవ్వే! దాని మొగుడెవడో గాని, ఇలాంటి చోటికి పంపాడంటే ఉత్త గాడిదై ఉంటాడు. ఈ వేషగాణ్ణి చూడు, ఒక్కసారి తలెత్తితే చాలు కదే, దద్దమ్మ!"

"చాలయ్యా," అన్నాను.

"ఇది రాసుకోవాలి." తల వంచాడు. 'ఎప్పుడూ పైకి చూడవలెను' అని రాసి, కింద నింపాదిగా రెండు గీతలు గీశాడు. ఆయన తలెత్తేసరికి బాల్కనీలో రెండు చోట్లు ఖాళీ.

ఆ రాత్రి భోజనాల దగ్గర అదీ ఆమెకి చదివి వినిపించాడట. మర్నాటినుంచి డామరిస్ నాటకానికి రావడం మానేసింది. మూడింటికి కెప్టెనే చీప్‌సైడ్ వెళుతున్నాడు.

ఇక్కడ ట్రాంటర్ మాత్రం మెడ పట్టేసినా దించకుండా బాల్కనీకేసే చూస్తున్నాడు.