త్రాసుకు చెప్పని సొరంగం

ఎటెల్కా తన భర్త ఆగోష్టన్ సంచిలో రెండు జతల ఉన్ని మేజోళ్లు, రొట్టె, పందికొవ్వు ముక్క, ఎర్ర మిరప్పొడి పొట్లం సర్దింది. కొలతాడు మాత్రం తీసి బల్లమీద పారేసింది. ఆగోష్టన్ నవ్వి దాన్ని మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

అతని సర్వే కచేరీలో ఒక త్రాసు ఉంది. సన్నని తీగకు వేలాడే కడ్డీ. నేల అడుగున ఒక పక్క బరువు తగ్గినా పెరిగినా వెంట్రుకవాసి తిరుగుతుంది. దాన్ని లెక్కకట్టి, లోపల ఉప్పుందో చమురుందో పటం గీస్తారు. త్రాసు డేరా చుట్టూ ఎనిమిది దిక్కులా నేల చదును చేస్తారు. చుంచెలుక తోడిపోసిన మట్టినీ పుస్తకంలో రాస్తారు. ఇక మనుషులు తవ్వుకున్నదాని సంగతి, ఈసారి కొలిచిన కొండ పక్క ఊరివాళ్లనే అడిగారు. పుస్తకం పట్టుకొచ్చిన ప్రతివాడూ వాళ్లకు పన్నులవాడే. "సొరంగాలా? మాకెక్కడివి బాబూ!" అన్నారు శుద్ధపూసల్లా. పెద్ద చదువుల వాళ్లు నమ్మేశారు.

ఎటెల్కా ఆ ఊరి పిల్లే. కొండ కింద బరువు తగ్గిందని పటంలో చూడగానే నవ్వొచ్చింది. ఆ మాటే, ఆగోష్టన్‌ను తీసుకెళ్లడానికి మోటారులో వచ్చిన పై అధికారి తిహమేర్ మొహాన అనేసింది.

"అది మా మేనమామ ద్రాక్షసారా దాచే సొరంగమండీ. మూడు పాయలు. ఉప్పూ లేదు, మీ మొహమూ లేదు."

"త్రాసు అబద్ధం చెప్పదమ్మా."

"దానిదేం తప్పు? లోటుందంది. అది తాగేవాళ్లు తవ్విన లోటని దానికేం తెలుసు!"

"అందుకేగా మీవారు దిగి కొలిచి వచ్చేది. శుక్రవారంలోగా కొలతలు రాకపోతే ఉప్పు కోసం తవ్వకం మొదలు."

"వారంగా వాన. ఆ మట్టి నానిన రొట్టెలా ఉంటుంది. మీరూ దిగుతారా?"

తిహమేర్ తన బూట్లు చూసుకున్నాడు. "నాకు కచేరీలో పనుంది."

"ఉంటుంది లెండి. మీ బూట్లు మెరవాలంటే ఇంకొకడు బురదలో దిగాలిగా."

"ఊరుకోవే," అన్నాడు ఆగోష్టన్. "ఆ ఖాళీని లెక్కలోంచి తీసేస్తేనే అసలు లెక్క తేలేది. తప్పుడు పటం మీద నా పేరుండాలా?"

"పటం మీద పేరుంటే సరా? ఇంట్లో మనిషి వద్దా?"

అతను సంచి భుజాన వేసుకుని మోటారెక్కాడు. తిహమేర్ అతన్ని ఆ ఊరి రైలుకు స్టేషన్లో దింపి కచేరీకి పోయాడు.

సొరంగంలో రెండు పాయలు కొలిచాక, మూడోదాని పైకప్పు కూలింది. ఆగోష్టన్ బొద్నార్ తిరిగి రాలేదు. 1928 అక్టోబరు 11, గురువారం.